ఇరవై నాలుగు పాయింట్ రెండు

కొలత టేపు మా ఇంట్లో లేదు.
పక్కింటి షకీలా దగ్గర జాకెట్లు కొలిచే టేపు అడిగి తెచ్చినా.
నా భుజాలూ చుట్టుకొలతా తెలిసిన టేపు,
మొదటిసారి నేల మీద పాకింది.
పొడవు అరవై ఆరు, వెడల్పు నలభై ఎనిమిది.
"లోపల కుట్టు వదలాల్నా?" అని షకీలా నవ్వింది.

జీవకోనలో కొండ వారన మా ఇల్లు.
ఇల్లంటే ఒక గది, ఒక వంటమూల,
పదకొండేళ్లు చాప అడ్డం కట్టుకొని నీళ్లు పోసుకున్న జాగా.
ఆ జాగాకే ఇప్పుడు గోడ లేచింది, తలుపు పడింది.
నేల మాత్రం ఇంకా వట్టి సిమెంటు,
పిల్లి నాలుకలాగ గరుగ్గా.

రేణిగుంట రోడ్డు అంగట్లో పిల్లోడు
ఫోన్లోనే లెక్క గట్టినాడు:
అడుగుకి అడుగు బిళ్ల, ఇరవై రెండు పడతాయి,
కోతకీ పగుళ్లకీ నూటికి పది కలిపితే
ఇరవై నాలుగు పాయింట్ రెండు.
పెట్టెకి పన్నెండు.
"మూడు పెట్టెలు తీసుకోక్కా."

రెండు పెట్టెల్లోనే ఇరవై నాలుగుండాయి కదప్పా అంటే
"పాయింట్ రెండు ఉండాది కదక్కా" అంటాడు.
పాయింట్ రెండంటే ఎంత?
నా అరచెయ్యంత.
దానికి ఐదొందల ఇరవై రూపాయలు.

మేస్త్రీ చెంగల్రాయులు ఇంకో దారి చూపించినాడు.
డ్రమ్ము కూర్చునే చోట నాలుగు బిళ్లలు ఆపేద్దాం,
దాని కింద ఎవరు చూడొచ్చినారు?
పద్దెనిమిదితో పని అయిపోతాది,
మిగిలినవి పొయ్యి వెనక గోడకి అతికిస్తా అన్నాడు.
మంచి లెక్కే.
ఎవరు చూడొచ్చినారు అన్న మాట దగ్గరే
నేను ఆగిపోయినా.

పందొమ్మిదేళ్లుగా స్టేషన్ ఎదురు లాడ్జిలో నేల తుడుస్తున్నా.
రెండొందల ఏడులో పెద్ద బిళ్లలు ముప్పై,
అందులో తొమ్మిది మంచం కింద.
మూడో అంతస్తు వరండా నూట పదహారు.
లెక్కబెట్టుకుంటా తుడిస్తే
నడుం నొప్పి రవ్వంత ఆలస్యంగా వస్తాది.
గుండు గీయించుకొని కొండ దిగొచ్చినోళ్ల గంధం
బాత్రూం బిళ్లల సందుల్లో ఎండి ఉంటాది, గోటితో గీకాల.
లడ్డు పొడికి చీమలు.
సూపర్‌వైజర్ వేలు మొదట పోయేది మంచం కిందికే.
ఆ తొమ్మిది బిళ్లలు నాకు తెచ్చిపెట్టిన మాటలు
ఇక్కడ చెప్పను.

మూడొందల రెండులో బేసిన్ కింద ఒకటి పగిలితే
ఆ రంగు మళ్లీ దొరక్క పచ్చది వేసినారు.
ఏడేళ్లుగా చూస్తానే ఉండా దాన్ని,
పెళ్లి ఫోటోలో ఎవురో తెలీని మనిషిలాగ.

రెండు పెట్టెలే కొన్నా.
డ్రమ్ము కిందా పరవాల,
పగలడానికి మాత్రం రెండే ఉండాయని
చెంగల్రాయులుకి ముందే చెప్పినా.
బీడీ పక్కన పెట్టి
ప్రతి కోతకి ముందు నా మొహం చూసినాడు.
అర ముక్కలు నాలుగూ రెండు బిళ్లల్లోంచే తెగినాయి.
నీళ్లు పోయే జాలికి గుండ్రంగా కోస్తుంటే
ఒకటి టప్పుమనింది.
ఇద్దరం మాట్లాడలే.
దాని తర్వాతది నిలిచింది.

మిగిలింది ఒక్కటి.
పాత పేపర్లో చుట్టి బియ్యం డబ్బా వెనక పెట్టినా,
ఎప్పుడన్నా పగిలితే అదే రంగు ఉండాలని.
ఆ పాయింట్ రెండు యాడికి పోయిందో
అంగడి పిల్లోణ్ణి అడగాల.

సిమెంటు ఆరినాక, డ్యూటీ దిగొచ్చి,
డ్రమ్ము పక్కకి జరిపి
ఒకటీ రెండూ అని తుడవడం మొదలుపెట్టినా.
ఇరవై రెండు పరిచిన చోట
ఇరవై నాలుగు తేలినాయి.
అర ముక్కల్ని కూడా
నిండు బిళ్లలుగా లెక్కేసినట్టుండా.
అయినా గాని, నడుం వంగీ వంగకముందే
అయిపోయినాయి.

గుడ్డ పిండుకొని
మళ్లీ ఒకటి నుంచి.